మంచుమీది హాకీ: అమెరికా కళాశాలల పందెము, దాని లెక్కలు

హాకీయన్న మాట మీకు క్రొత్తది కాదు. 1928, 1932, 1936 సంవత్సరములలో మన దేశపు జట్టు ఒలింపిక్ పోటీలలో వరుసగా గెలిచి, ధ్యాన్‌చంద్ పేరు లోకమంతట మారుమ్రోగుటచేత, పచ్చికమీద కర్రతో బంతిని కొట్టు ఆ క్రీడ మనవారి సొత్తేయని పెక్కుమంది తలతురు. నేను నేడు చెప్పబూనినది దాని తోబుట్టువును గూర్చి. దానికి పచ్చికకు మారుగా మంచుగడ్డ, బంతికి మారుగా రబ్బరు బిళ్ళ. అమెరికా సంయుక్తరాష్ట్రములలోని కళాశాలల విద్యార్థులు ఏటేట దానిని ఒక పెద్ద పందెముగా ఆడుదురు. ఆ పందెపు చరిత్రయు, అందు పుట్టిన లెక్కలును నా ప్రసంగవిషయము.

దూరదేశపు ఆటతో మనకేమి పనియని అడుగువారుందురు. మన తెలుగుబిడ్డలు మిచిగన్, మిన్నెసోటా, బోస్టన్ ప్రాంతములందలి విశ్వవిద్యాలయములలో చదువుచున్నారు. మా బంధువుల పిల్లవాడొకడు మిచిగన్ రాష్ట్రమునుండి మాటలాడునపుడెల్ల, చలికాలము వచ్చినచో ఈ ఆట ప్రసక్తి తేక మానడు. తమ విశ్వవిద్యాలయము తొమ్మిదిమార్లు గెలిచినదని అతడు గొప్పగా చెప్పగా, ఆ తొమ్మిదిలో ఏడు ఎప్పటివని నేనడిగితిని. అతనికి తెలియదు. ఈ ప్రసంగము ఒక విధముగ ఆ ప్రశ్నకు సమాధానమే.

ముందుగా ఆటను గూర్చి కొంచెము చెప్పవలెను. మన సీమలో మంచుగడ్డ యనునది వడగండ్లవానలోనో, సోడా కొట్టులోనో కనబడవలసినదే. అచ్చట చలికాలమున చెరువులు, ఏరులు పైభాగమున రాయివలె బిగిసిపోవును. మొదట పిల్లలు వానిమీదనే ఆడిరి. ఇప్పుడు పెద్ద భవనములలో నేలక్రింద గొట్టములు పరచి, వానిలో మిక్కిలి చల్లనైన ఉప్పునీటివంటి ద్రవమును పారించి, పైన పోసిన నీటిని ఇంచుమించు అంగుళము మందమున గడ్డకట్టింతురు. స్థలము సాధారణముగా 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. చుట్టును గోడవలె పలకలు బిగింపబడియుండును. ఆటగాండ్రు జోళ్ళక్రింద ఉక్కు అలుగులు తగిలించుకొని మంచుపై జారుచు పోవుదురు.  రబ్బరు బిళ్ళ మూడంగుళముల అడ్డుకొలతయు, అంగుళము మందమును గలది. అయిదున్నర మొదలు ఆరు ఔన్సుల వరకు తూగును. ఆటకు ముందు దానినికూడ గడ్డకట్టునంతగా చల్లపరతురు. లేకున్నచో అది బంతివలె ఎగిరిపడును.

ఒక్కొక్క జట్టున ఒకేమారు ఆరుగురాడుదురు. అందొకడు గోలు కాచువాడు. అతడు కాయవలసిన ద్వారము ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. అతనిని వైకుంఠద్వారమందలి జయవిజయులతో పోల్పవచ్చును. అయితే వారు ఆపినందులకు శాపము పొందిరి, ఇతడు ఆపకున్న శాపము పొందును. ఆట ఇరువది నిముషములవంతున మూడు భాగములు. మంచుపై అంత వేగమున తిరుగుట దేహమునకు గొప్ప శ్రమ గనుక, ఒక్కొక్క గుంపు నిముషమునకు లోపుగనే బయటకు వచ్చును, మరియొక గుంపు లోనికి దుముకును. ఆట ఆగనక్కరలేదు. తప్పు చేసినవాడు రెండు నిముషములు వెలుపల కూర్చుండవలెను. అంతవరకు వాని జట్టు ఒక మనిషి తక్కువగా ఆడును. ఆట ముగియవచ్చినను ఇంకను వెనుకబడియున్న జట్టు, గోలు కాచువానిని పిలిచివేసి, వాని స్థానమున దాడిచేయువాని నొకని పంపుటయు కలదు. ఇల్లు తెరచిపెట్టి దొంగను తరుమబోవుట వంటి సాహసమది. సమానమైనచో అదనపు కాలము నాడింతురు. అందు మొదటి గోలుతోనే ఆట సమాప్తము.

ఇక పందెపు పుట్టుక. అమెరికాలో కళాశాలల ఆటలకు 1906లో పుట్టిన నేషనల్ కాలీజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్ అను సంఘము పెద్దరికము వహించును. మంచుహాకీలో దేశమునకంతటికి ఒక విజేతను తేల్చు పోటీని ఆ సంఘము 1948 మార్చిలో మొదటిమారు జరిపెను. స్థలము కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమందలి బ్రాడ్‌మూర్ అను గొప్ప హోటలునకు చెందిన మంచుమందిరము. ఆ పట్టణము సముద్రమట్టమునకు 6,000 అడుగులు పైబడిన ఎత్తున నున్నది. పిలువబడిన జట్లు నాలుగే. తూర్పుదేశమునుండి డార్ట్‌మత్, బోస్టన్ కాలేజి. పడమటినుండి మిచిగన్, స్థానికమైన కొలరాడో కాలేజి. తుదిపోటీలో మిచిగన్ 8 గోలులు, డార్ట్‌మత్ 4 గోలులు చేయగా మొదటి విజయము మిచిగన్ పాలయ్యెను. అది మొదలు 1957 వరకు పదిసంవత్సరములు ఆ మందిరమే పోటీకి నెలవు. తరువాత పోటీ ఊరూర తిరుగసాగినది. ఆ మందిరమును 1994లో పడగొట్టిరి.

ఆ పదిసంవత్సరములను మిచిగన్ యుగమనవచ్చును. విక్ హెయ్‌లిగర్ అను శిక్షకుని చేతిక్రింద ఆ జట్టు 1948, 1951, 1952, 1953, 1955, 1956 సంవత్సరములలో గెలిచెను. తొమ్మిది పోటీలలో ఆరు. ఒకే శిక్షకుడు ఆరుమార్లు గెలుచుట 2025 వరకు మరియొకనికి సాధ్యము కాలేదు. మిచిగన్ పదియేండ్లును వరుసగా ఆ నాలుగు జట్లలో నొకటిగా పిలువబడెను. 1957లో మాత్రము కొలరాడో కాలేజివారు తమ యింటిముంగిటనే ఆ జట్టును 13కు 6గా చితుకగొట్టిరి. పాపము డార్ట్‌మత్ 1948లోను, 1949లోను తుదిపోటీకి వచ్చి రెండుమార్లు ఓడినది. 2025 వరకు గెలుపన్నది ఎరుగదు.

పడమటి జట్ల బలమునకు కారణమేమి? పొరుగుననున్న కెనడా దేశము ఈ ఆటకు పుట్టినిల్లు. మిచిగన్, డెన్వర్ మొదలగు విశ్వవిద్యాలయములు కెనడానుండి యువకులను విరివిగా పిలుచుకొని వచ్చినవి. వారిలో పెక్కురు మామూలు విద్యార్థులకన్న వయసున పెద్దవారు, ఆటలో పండినవారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయపు శిక్షకుడు జాన్ మరియూచి దీనిని తీవ్రముగ నిరసించెను. అమెరికా పన్నులతో నడచు విద్యాలయములలో అమెరికా బిడ్డలకు చోటు లేకున్న నెట్లని ఆయన పట్టు. డెన్వరుతో ఆడుటయే మానుకొనెను. డెన్వరువారి వాదమును త్రోసిపుచ్చదగినది కాదు. చదువుకొన వచ్చిన విద్యార్థి ఏ దేశమువాడైననేమి? మర్రే ఆర్మ్‌స్ట్రాంగ్ శిక్షణలో డెన్వరు 1958, 1960, 1961, 1968, 1969లలో గెలిచినది. 1961 తుదిపోటీలో సెయింట్ లారెన్స్ అను చిన్న కళాశాలను 12కు 2గా ఓడించినది. 1955 మొదలు 1966 వరకు పండ్రెండు సంవత్సరములు విజయము ఒక్కమారైనను తూర్పువారికి దక్కలేదు. నా మనసునకు మరియూచి బాధ న్యాయముగనే తోచును, కాని డెన్వరుతో ఆడనని భీష్మించుట వలన ఆయన పిల్లలకు కలిగిన మేలు కానరాదు.

ఇప్పుడు మిచిగన్ తొమ్మిది గెలుపుల మాటకు వచ్చెదను. ఆరు హెయ్‌లిగర్ నాటివి. ఏడవది 1964లోనిది. తరువాత ముప్పదిరెండు సంవత్సరములు లేదు. 1996లోను, 1998లోను తక్కిన రెండు. ఏడు ప్రాత గెలుపులును, రెండు క్రొత్త గెలుపులును ఒకే నాణెముగా లెక్కింపవచ్చునా? ఇచ్చట మీరొక చిన్న లెక్క వేయవలెను.

1948 మొదలు 1976 వరకు పోటీకి నాలుగే జట్లు. అనగా గెలువదలచినవాడు రెండాటలు గెలిచిన చాలును. 1977 నుండి సంఖ్య కొంచెము పెరిగెను. 1981లో ఎనిమిది, 1988లో పండ్రెండు, 2003లో పదియారు జట్లయినవి. పదియారు జట్లలో విజేత కావలెనన్న వరుసగా నాలుగాటలు గెలువవలెను. ఒక్కటి ఓడినను ఇంటికి పోవలసినదే. రెండవ అవకాశము లేదు.

ఒక జట్టు ఎదిరికన్న స్పష్టముగ మేలైనదనుకొందము. మూడుమార్లాడిన రెండుమార్లు గెలుచునంత మేలైనది. రెండాటలును వరుసగా గెలుచుటకు దాని పాలు మూడింట రెండు చొప్పున రెండుమార్లు హెచ్చింపగా వచ్చినది, అనగా తొమ్మిదింట నాలుగు. నూటికి నలుబదినాలుగు. సగమునకు కొంచెము తక్కువ. అదే జట్టు నాలుగాటలు వరుసగా గెలువవలసివచ్చినచో, మూడింట రెండును నాలుగుమార్లు హెచ్చింపవలెను. ఎనుబదియొకటింట పదియారు. నూటికి ఇరువది. అనగా దేశములోకెల్ల మేలైన జట్టైనను అయిదేండ్లకొకమారు మాత్రమే కప్పు తెచ్చును. తక్కిన నాలుగేండ్లు ఎవరో ఒకరిచేత ఓడి, వారి ఊరివారిచేత నిందలు పడవలసినదే. ఇంకను బలమైన జట్టును తీసికొనుడు. నాలుగుమార్లాడిన మూడుమార్లు గెలుచునది. దానికి రెండాటల పందెమున నూటికి యేబదియారు పాళ్ళు గలవు. నాలుగాటల పందెమున ముప్పదిరెండు పాళ్ళే.

కావున హెయ్‌లిగర్ ఆరు విజయములను నేను తక్కువ చేయుటలేదు. ఆయన ఆ కాలపు నియమముల ప్రకారమే గెలిచినాడు. ఐనను రెండు మెట్లెక్కి కోసిన పండును, నాలుగు మెట్లెక్కి కోసిన పండును ఒకే బుట్టలో వేసి లెక్కించుట పత్రికలవారి అలవాటు. 2003 తరువాత డెన్వరు 2004, 2005, 2017, 2022, 2024లలో అయిదుమార్లు గెలిచి మొత్తము పదిని చేర్చినది. ఆ అయిదును నాలుగు మెట్ల పండ్లు. నా తూకమున అవియే బరువైనవి. ప్రతివాదము లేకపోలేదు. పూర్వము నాలుగు జట్లలో చేరుటయే గగనకుసుమముగ నుండెను. ఏడాదియంతయు గెలిచినను పెద్దల సమితి పిలువకున్న అంతే. అదియు ఒక మెట్టేయని వాదించువాని నోరు మూయుట కష్టము.

నిరపాయమైన గెలుపు ఎంత యరుదో తెలియుటకు కార్నెల్ విశ్వవిద్యాలయపు 1970 నాటి జట్టు చాలును. నెడ్ హార్క్‌నెస్ దానికి శిక్షకుడు. ఆయన అంతకుముందు 1954లో రెన్స్‌లియర్ అను సాంకేతిక విద్యాలయమునకును, 1967లో కార్నెలుకును విజయము సంపాదించినవాడు. 1967 నాటి జట్టున గోలు కాచినవాడు కెన్ డ్రైడెన్. అతడు కార్నెలులో నుండిన మూడేండ్లలో 76 ఆటలు గెలిచి, నాలుగు మాత్రము ఓడి, ఒకటి సమానము చేసెను. పిమ్మట మాంట్రియల్ జట్టులో జగద్విఖ్యాతుడై, న్యాయశాస్త్రము చదివి, కెనడా ప్రభుత్వమున మంత్రియై, గ్రంథములు వ్రాసి, 2025లో కాలధర్మము నొందెను. అట్టివాడున్న 1969లో కార్నెల్ తుదిపోటీకి వచ్చి డెన్వరు చేతిలో 4కు 3గా ఓడినది. అతడు చదువు ముగించి వెడలిపోయిన పిమ్మటనే, 1970లో, ఆడిన 29 ఆటలును గెలిచినది! లేక్ ప్లాసిడ్ అను కొండయూరిలో జరిగిన తుదిపోటీలో క్లార్క్‌సన్ కళాశాలను 6కు 4గా ఓడించినది. చివరి భాగమున డాన్ లొడ్‌బోవా ఒక్కడే మూడు గోలులు చేసెను. ఒక్క ఓటమియు, ఒక్క సమానమును లేక విజేతయైన పురుషుల జట్టు 2025 వరకు అదొక్కటే. పదింట తొమ్మిది గెలువగల మహాబలమైన జట్టునకైనను 29 ఆటలు వరుసగా గెలుచుటకు నూటికి అయిదు పాళ్ళైనను లేవు. నమ్మనివారు తొమ్మిదిపదులను ఇరువదితొమ్మిదిమార్లు హెచ్చించి చూచుకొనవచ్చును.

లెక్కకు లొంగని వింతలు అదనపు కాలమున పుట్టును. 1984లో అదే లేక్ ప్లాసిడ్‌లో బౌలింగ్ గ్రీన్, మిన్నెసోటా డులూత్ జట్లు తలపడినవి. డులూత్ జట్టు 4కు 2గా ముందున్నది. తరువాత 4కు 3. ఇంక రెండు నిముషములైనను లేవు. బౌలింగ్ గ్రీన్‌వాడొకడు బిళ్ళను మూలకు కొట్టెను. దానిని పట్టుటకు గోలు కాచువాడు ద్వారము విడిచి వెనుకకు పోయెను. ఆ బిళ్ళ ప్రక్కపలకలను తాకి, పోవలసిన త్రోవను పోక, తెరపియైన ద్వారముముందరకే వచ్చి పడెను. అచ్చటనున్న ప్రతిపక్షి దానిని లోనికి నెట్టెను. ఆట సమానము. ఇక నాలుగు అదనపు భాగములు. తుదకు 97 నిముషముల 11 సెకండ్లకు జీనో కవల్లీని గోలుచేయగా బౌలింగ్ గ్రీన్ గెలిచినది. తుదిపోటీలలో అంత దీర్ఘమైనది 2025 వరకు మరియొకటి లేదు. బిళ్ళ వ్రేలెడు ప్రక్కగా పోయియున్నచో డులూత్ ఊరు విజయమునకై మరి ఇరువదియేడేండ్లు వేచియుండవలసిన పని తప్పెడిది. వారికి మొదటి కప్పు 2011లో గాని రాలేదు. అదియు అదనపు కాలముననే వచ్చినది. 2021లో, తుదిపోటీ కాదు గాని అంతకుముందరి మెట్టున, అదే డులూత్ జట్టు నార్త్ డకోటాతో అయిదు అదనపు భాగములవరకు ఆడి 142 నిముషముల 13 సెకండ్లకు గెలిచెను. ఆ పందెపు చరిత్రలోకెల్ల దీర్ఘమైన ఆట అది. గోలు కాచువాడు కండరములు పట్టివేయగా మధ్యలో తప్పుకొనవలసివచ్చెను. అంత కష్టపడి గెలిచినవారు రెండు మెట్లు దాటకముందే, మసాచుసెట్స్ చేతిలో, అదియు అదనపు కాలముననే ఓడిరి.

దీర్ఘమైనవి చాలును, హ్రస్వమైనదొకటి చెప్పెదను. 2023లో మిన్నెసోటా 2కు 0గా ముందుండగా, క్విన్నిపియాక్ అను జట్టు ఒక గోలు చేసి, మూడు నిముషములలోపు మిగిలియుండగా గోలు కాచువానిని పిలిచివేసి రెండవది చేసెను. అదనపు కాలము మొదలైన పదియవ సెకండుననే మూడవది. ప్రేక్షకులలో కొందరు సీటులో కూర్చుండకమున్నే కప్పు చేతులు మారినది. 2009లో బోస్టన్ యూనివర్సిటీ జట్టు చివరి నిముషమున 3కు 1గా వెనుకబడియుండి, ఆ నిముషములోనే రెండు గోలులు చేసి, పిమ్మట గెలిచినది. ఓడిన మయామీ జట్టువారు కప్పు తమదేయని నమ్మినారనుటలో వింతలేదు.

ఈ క్రీడలో నాకు మిక్కిలి ప్రీతి కలిగించునది మరియొకటి కలదు. అమెరికాలో ఫుట్‌బాలు, బాస్కెట్‌బాలు మొదలగు ఆటలలో పెద్ద విశ్వవిద్యాలయములకు ఒక తరగతి, చిన్న కళాశాలలకు వేరొక తరగతి. చిన్నవాడు పెద్దవానితో తుదిపోటీ నాడుట లేనేలేదు. మంచుహాకీలో మాత్రము ఇతర క్రీడలలో క్రింది తరగతులలో నాడు కళాశాలలు కొన్ని పై తరగతిలో నిలిచి పెద్దలతో సమానముగ నాడును. మిచిగన్ రాష్ట్రపు ఉత్తరపుటంచున కెనడా సరిహద్దుననున్న లేక్ సుపీరియర్ స్టేట్ అను చిన్న విద్యాలయము 1988, 1992, 1994లలో మూడుమార్లు గెలిచినది. 1994లో బోస్టన్ యూనివర్సిటీని 9కు 1గా ఓడించినది. న్యూయార్కు రాష్ట్రమందలి యూనియన్ కళాశాల 1795లో స్థాపింపబడినది. ఇంచుమించు రెండువేల రెండువందలమంది విద్యార్థులు గలది. ఆ కాలమున ఆటగాండ్రకు ఆటపేరిట ఉపకారవేతనములు ఇచ్చెడిది కాదు. 2014లో అట్టి కళాశాల, అనేక వేల విద్యార్థులు గల మిన్నెసోటా విశ్వవిద్యాలయమును తుదిపోటీలో 7కు 4గా జయించెను. అంతకుముందటి సంవత్సరము ఉపకారవేతనములు లేని యేల్ విశ్వవిద్యాలయమే విజేత. మా పల్లె ప్రక్క కుగ్రామపు చెడుగుడు జట్టు జిల్లా కేంద్రపు జట్టును కూలద్రోసిన దినమున జనమెట్లు పొంగిపోయెనో తలచుకొన్న, యూనియన్ కళాశాలయున్న స్కెనెక్టడీ పట్టణమున ఆనాటి సందడి మనకు తెలియగలదు.

గెలిచినవారి పట్టికను మరియొక విధముగ చదువవచ్చును. 1993లో మెయిన్ విశ్వవిద్యాలయము మొదటిమారు గెలిచినది. ఆ యేడు ఆ జట్టు 42 ఆటలు గెలిచి, ఒక్కటి ఓడి, రెండు సమానము చేసెను. తరువాత 1994 మొదలు 2010 వరకు జరిగిన పదియేడు పోటీలలో ఒక్క క్రొత్త పేరైనను పట్టికలో చేరలేదు. గెలిచినవారే మరల గెలిచిరి. 2011 మొదలు 2025 వరకు జరిగినవి పదునాలుగు పోటీలు. వానిలో ఏడు క్రొత్తవారివి: మిన్నెసోటా డులూత్, యేల్, యూనియన్, ప్రావిడెన్స్, మసాచుసెట్స్, క్విన్నిపియాక్, వెస్టరన్ మిచిగన్. సరిగా సగము! ఎందుచేత? మెట్లు నాలుగగుటచేత బలవంతుడు జారిపడుటకు తావు హెచ్చినదని మనము లెక్క వేసితిమి. అదొక కారణము. రెండవది, పెద్ద విద్యాలయములలో చేరిన ప్రతిభావంతులను వృత్తిజట్లు ఒకటి రెండేండ్లకే ఎత్తుకొనిపోవును. చిన్న కళాశాలలో చేరిన సాధారణుడు నాలుగేండ్లును నిలిచి, ఇరువదిమూడు ఇరువదినాలుగేండ్ల వయసు వచ్చి, కలిసి ఆడిన తోడివారితో గట్టిపడును. పదునెనిమిదేండ్ల మేధావులకును, ఇరువదినాలుగేండ్ల కాపువాండ్రకును పోరుజరిగిన, ఎప్పుడును మేధావులే గెలుతురని ఎవడు చెప్పగలడు?

పదియారు జట్లను ఎట్లెన్నుకొందురని మీరడుగవచ్చును. జట్లు ఆరు మండలములుగ నుండును. ఒక్కొక్క మండలపు విజేత నేరుగ చేరును. తక్కిన పదిమందిని లెక్కల సాయముతో ఏరుదురు. ఎన్ని గెలిచినావన్నది మాత్రమే చూడరు, ఎవరిపై గెలిచినావన్నది కూడ చూతురు. బలహీనులపై ఇరువది గెలుపులకన్న బలవంతులపై పదునైదు మేలు కావచ్చును. నీవు గెలిచినవారు ఎవరిని గెలిచిరో అదియు లెక్కకు వచ్చును. పూర్వము పెద్దల సమితి తమ యిష్టానుసారముగ పిలుచుచుండగా కలుగు అనుమానములు ఇందువలన చాలవరకు తగ్గినవి. చివరి నాలుగు జట్ల పోటీకి 1999 నుండి అధికారముగ ఫ్రోజెన్ ఫోర్ అని పేరు. గడ్డకట్టిన నలుగురని అర్థము. చలిదేశపువారి హాస్యము.

మొత్తము పట్టికను చూతము. 1948 మొదలు 2025 వరకు 77 పోటీలు. 2020లో కరోనా వ్యాధివలన పోటీ జరుగలేదు. గెలిచిన విద్యాలయములు ఇరువదినాలుగు. డెన్వరు 10, మిచిగన్ 9, నార్త్ డకోటా 8, విస్కాన్సిన్ 6. బోస్టన్ కాలేజి, బోస్టన్ యూనివర్సిటీ, మిన్నెసోటా తలకొక 5. ఈ యేడుగురివే 48. మిగిలిన పదునేడుగురికి 29. పట్టికలో ఒక చెరిపివేత కూడ నున్నది. 1973లో విస్కాన్సిన్ చేతిలో ఓడిన డెన్వరు పేరు, ఆటగాండ్ర అర్హత విషయమై వచ్చిన తగవువలన, తరువాత కొట్టివేయబడెను. విస్కాన్సిన్ గెలిచినది గాని ఎవరిపై గెలిచినదో అధికారపు లెక్కలో లేదు! బోస్టన్ కాలేజి 1949లో గెలిచి, మరల గెలుచుటకు 2001 వరకు యేబదిరెండేండ్లు వేచినది. నడుమ 1965, 1978, 1998, 2000లలో నాలుగు తుదిపోటీలు ఓడెను. ఆ శాపము తీర్చిన శిక్షకుడు జెర్రీ యార్క్. 1984లో నేను చెప్పిన బౌలింగ్ గ్రీన్ జట్టును నడిపినవాడును ఆయనయే. అయిదు కప్పులు, 1,123 విజయములు సంపాదించి 2022లో విశ్రాంతి తీసికొనెను. 2010లో ఆయన జట్టు విస్కాన్సిన్‌ను 5కు 0గా ఓడించిన దినమున, డెట్రాయిట్ నగరమందలి ఫుట్‌బాలు మందిరములో మంచు పరచి ఆడింపగా, 37,592 మంది చూచిరి.

మిన్నెసోటాకు 1974, 1976, 1979లలో మూడు కప్పులు తెచ్చిన హెర్బ్ బ్రూక్స్, 1980లో లేక్ ప్లాసిడ్ ఒలింపిక్‌లో అమెరికా జట్టునకు శిక్షకుడై, అజేయమనదగిన సోవియట్ జట్టును 4కు 3గా ఓడించి బంగారుపతకము తెచ్చెను. ఆ ఇరువదిమంది ఆటగాండ్రలో తొమ్మండుగురు మిన్నెసోటా విద్యార్థులు, నలుగురు బోస్టన్ యూనివర్సిటీవారు. మరియూచి కోరిన దేశీయబాలుర సంగతి ఇట్లు ముగిసినది.

స్త్రీల పోటీ 2001లో మొదలైనది. మొదటి విజేత మిన్నెసోటా డులూత్. 2013లో మిన్నెసోటా బాలికలు ఆడిన 41 ఆటలును గెలిచిరి. కార్నెల్ పురుషుల ఇరువదితొమ్మిదికన్న అది పండ్రెండు ఎక్కువ. పత్రికలు దానిని తగినంతగ చాటలేదని నా అభిప్రాయము. 2025 వరకు విస్కాన్సిన్ బాలికలు ఎనిమిదిమార్లు గెలిచిరి.

తుదకు ఒక క్రొత్త మార్పు. కెనడాలో పదునారు మొదలు ఇరువదేండ్ల యువకులాడు మేజర్ జూనియర్ జట్లు కలవు. అందాడినవారికి కొంత భత్యము ముట్టుటచేతను, కొందరు వృత్తిజట్లతో ఒడంబడిక చేసికొనియుండుటచేతను, వారిని వృత్తిక్రీడాకారులుగ నెంచి కళాశాలల పోటీకి అనర్హులనిరి. 2024 నవంబరులో ఆ నిషేధమును ఎత్తివేయ నిశ్చయించి, 2025 ఆగస్టు 1 నుండి అమలుచేసిరి. కెనడా బాలుర యేరు మరల అమెరికా కళాశాలలవైపు తిరిగినది. ధనము, కీర్తి గల పెద్ద విశ్వవిద్యాలయములు మేలైనవారిని ముందుగ ఏరుకొనును. యూనియన్, లేక్ సుపీరియర్ వంటివానికి మిగులునదేమియని చిన్న కళాశాలలవారి దిగులు. పెద్దచోట్ల స్థానము దొరకక వెనుకకు తగ్గిన ప్రతిభావంతులు తమ పాలబడుదురని మరికొందరి ఆశ. ఒక్క యేటి ఫలముచూచి ఈ తగవు తీర్పలేము. బలవంతుడైనను నాలుగాటల పందెమున అయిదింట నాలుగేండ్లు ఓడునని మనము చూచితిమి గదా. పట్టికలో క్రొత్త పేర్లు చేరుట 1994 తరువాత వలె ఆగిపోవునో, 2011 తరువాత వలె సాగునో తెలియుటకు కనీసము పదియేండ్ల లెక్క చేతికందవలెను.